శాలువా కప్పి గైర్హాజరు వేశారు

సైనికుడు అనగానే మనవాళ్ళు లేచి నిలబడతారు. అదే సైనికుడు హాల్ టికెట్ కోసం వచ్చి నిలబడితే తల కూడా ఎత్తరు. శంషాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి, అక్కడే దూరవిద్య అధ్యయన కేంద్రాన్ని చాలాకాలం నడిపి, ఈమధ్యే రిటైరైనవాణ్ణి నేను. నా ఉద్యోగమంతా ఈ రెండు సంగతుల మధ్యనే గడిచింది.

ఇలాంటి కేంద్రాల్లో కొత్తగా చేరుతున్న అధ్యాపకులు కొందరు ఇంటికి వచ్చి, "పని ఎట్లుంటది సార్?" అని అడుగుతున్నారు. ఫీజు ఎప్పుడు కట్టించుకోవాలో, పుస్తకాలు ఎప్పుడు వస్తాయో ఆఫీసులో ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. దాన్ని చూసి నేను నివ్వెరపోయాను. ఇవాళ్టికీ తేరుకోలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అసలు ఈ పని ఏమిటి

మా కేంద్రం ఎయిర్‌పోర్టుకు దగ్గర. అందుకే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సైన్యంలో చేరిన కుర్రవాళ్ళు చాలామంది డిగ్రీకి మా దగ్గరే పేరు రాయించుకునేవారు. సెలవు మీద విమానం దిగి, ఇంటికి పోకముందే భుజాన పచ్చసంచీతో మా గదిలోకి వచ్చినవాళ్ళు ఎందరో. ఇంట్లో ఎదురుచూసే తల్లికంటే ముందు నేను వాళ్ళ ముఖం చూసేవాణ్ణి.

పదో తరగతో, ఇంటరో అయ్యాక సైన్యంలో చేరినవాడు అక్కడ ఉంటూనే డిగ్రీ చదువుకోవచ్చు. పై అధికారి అనుమతి తీసుకోవాలి. పుస్తకాలు పోస్టులో వస్తాయి. పరీక్షలు రాయాలి, సైన్సు చదివితే ప్రాక్టికల్స్‌కు మనిషే రావాలి. కాగితం మీద చూస్తే చక్కని ఏర్పాటు. కానీ ఈ నియమాలన్నీ ఎవరిని మనసులో పెట్టుకుని రాశారు? ఊళ్ళో కొట్టు నడుపుకుంటూ ఆదివారం ఖాళీగా ఉండేవాణ్ణి. ఎప్పుడు ఎక్కడికి పంపిస్తారో తెలియనివాణ్ణి, సెలవు మంజూరయ్యేదాకా సెలవు ఉందో లేదో తెలియనివాణ్ణి మనసులో పెట్టుకుని కాదు.

ఆఫీసర్లకు చదువుకోసం సెలవనేది ఒకటుంది. నేను చూసిన జవాన్లు మాత్రం పెళ్ళానికీ పిల్లలకూ దక్కాల్సిన సెలవును కోసి చదువుకు పెట్టుకున్నవాళ్ళే. ఇది తప్పని నేను సభల్లో చెప్పాను, పత్రికలకు రాశాను. "మీరు సైన్యాన్ని విమర్శిస్తున్నారా?" అని అడిగారు. కాదు. సైనికుణ్ణి పొగిడి ఊరుకునేవాళ్ళను విమర్శిస్తున్నాను. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళతోనే నా ఉద్యోగమంతా గొడవ.

గౌస్ భాయ్ సర్టిఫికెట్

నన్ను మొదట నివ్వెరపరచినవాడు గౌస్ భాయ్. శంషాబాద్ పాత ఊళ్ళో ఇల్లు. హవల్దారుగా రిటైరై, ఎయిర్‌పోర్టు కార్గోలో సెక్యూరిటీ పని చేసేవాడు. ఒకరోజు ఎమ్మెస్సీలో చేరతానని వచ్చాడు.

"డిగ్రీ ఉందా భాయ్?" అని అడిగాను.

"క్యా సార్, గట్ల అడుగుతున్రు? ఫౌజ్‌ల ఇచ్చిన్రు కదా!" అని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి బల్లమీద పెట్టాడు.

పదిహేనేళ్ళ సర్వీసు చేసినవారికి డిగ్రీతో సమానమని ఇచ్చే సర్టిఫికెట్ అది. కొన్ని ప్రభుత్వోద్యోగాలకు పనికొస్తుంది. పై చదువుకు పనికిరాదు. ఫలానా సబ్జెక్టులో డిగ్రీ కావాలనే ఉద్యోగానికీ పనికిరాదు. ఆ సంగతి ఆయనకు చెప్పాల్సిన పని ఆరోజు నా మీద పడింది.

ఆయన సర్టిఫికెట్‌ను మళ్ళీ కవర్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "రెండేండ్లు చదివిన సార్, నౌకరిల ఉండంగనే. మూడో ఏడు ఉండె. మా సుబేదార్ సాబ్ ఏమన్నడో ఎర్కనా? 'అరే గౌస్, పదిహేనేండ్లయితె డిగ్రీ ఉట్టిగనే అస్తది, ఎందుకు కండ్లు పోగొట్టుకుంటవ్' అన్నడు. ఇడిసిపెట్టిన."

సుబేదారు అబద్ధం చెప్పలేదు. ఆయనకూ అంతే తెలుసు. అసలు విషయం చెప్పాల్సిన వాళ్ళు ఒక్కరైనా ఆ మనిషికి చెప్పలేదు. సమానం అన్న మాటకు దేనితో సమానం, ఎక్కడ సమానం అని అడగాలని మన బడులే నేర్పవు. పెద్దవాళ్ళు చెప్పారంటే ఇక ప్రశ్న లేదు. గుళ్ళో తీర్థం తీసుకున్నట్టు చేయి చాపి తీసుకోవడమే.

కొత్తవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇది: మీ దగ్గరికి వచ్చే ప్రతి జవానుకూ మొదటిరోజే ఆ సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పండి. అతను అడగడు. మీరే చెప్పండి.

గౌస్ భాయ్ ఆ తర్వాత తరచూ వచ్చేవాడు. డ్యూటీ దిగి, మా వరండాలో కూర్చుని, వచ్చిన జవాన్లను పట్టుకునేవాడు. "తమ్మీ, జర ఇను. మధ్యల ఇడిసిపెట్టకు. నన్ను జూడు, ఉట్టి 'సమానం' కాయితమే మిగిలింది" అని తన మీద తనే నవ్వుకునేవాడు. అలా ఆయన పట్టుకున్నవాళ్ళలో ఒకడు శ్రీశైలం.

విమానం మోత మధ్య పాఠాలు

శ్రీశైలానిది రావిర్యాల పక్కన ఊరు. రైతు కుటుంబం. సైన్యంలో సిగ్నల్స్ విభాగం, అంటే రేడియో మీద సందేశాలు పంపడం, అందుకోవడం అతని పని. బీఎస్సీలో చేరతానన్నప్పుడు ఎందుకని అడిగాను.

కిటికీలోంచి చేయి చూపించాడు. దూరంగా విమానాలకు దారి చెప్పే ఎయిర్‌పోర్టు టవర్ కనిపిస్తోంది. "గా టవర్‌ల కూసునేటోళ్ళు ఏం జేస్తరు సార్? రేడియోల మాట్లాడుతరు. నేను జేసేదీ గదే. ఫౌజ్‌కెళ్ళి బయటికొచ్చినంక గండ్ల కూసోవాలె."

ఆ ఉద్యోగానికి భౌతికశాస్త్రం, లెక్కలు చదివిన డిగ్రీ కావాలి. సమానమనే సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. అతనికి ఆ సంగతి ముందే తెలుసు. నేను చెప్పకముందే తెలిసి వచ్చిన మొదటి జవాను అతనే.

అతని భార్య అనిత ఇంటర్ చదివింది. శ్రీశైలం ఉన్నచోట పుస్తకం తెరిచి కూర్చునే వీలు తక్కువ. అందుకని ఆమె పాఠాలను పైకి చదివి, ఫోనులో రికార్డు చేసి పంపేది. సిగ్నల్ దొరికినప్పుడు అతను దించుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు వినేవాడు. విద్యుదయస్కాంతత్వం, తరంగాలు, ఉష్ణగతికశాస్త్రం, అన్నీ భార్య గొంతులోనే నేర్చుకున్నాడు.

వాళ్ళ ఇల్లు విమానాలు దిగే దారి కింద ఉంది. పాఠం చదువుతుంటే మోత వస్తుంది. ఆమె ఆపేది కాదు, మరింత గట్టిగా చదివేది.

"సూత్రం కాడికి వచ్చేసరికే వస్తది సార్ విమానం, పగబట్టినట్టు," అంది ఒకసారి ఫీజు కట్టడానికి వచ్చి. "ఈయన ఫోన్ జేసి మళ్ళ చెప్పుమంటడు."

"నేను టవర్‌ల కూసున్ననంటే నువ్వు సూత్రం చదివేదాంక విమానాన్ని మీదనే తిప్పుత," అన్నాడు సెలవులో వచ్చి పక్కనే ఉన్న శ్రీశైలం.

"గట్లయితె పెట్రోలయిపోతది. నువ్వు కూసున్ననాడు మనూరి మీదనే పడ్తది," అందామె.

ఇలాంటి జంటను నేను అంతకుముందు చూడలేదు. థియరీ పరీక్షలన్నీ పాసయ్యాడు. మిగిలింది చివరి సంవత్సరం భౌతికశాస్త్రం ప్రాక్టికల్ ఒక్కటే. డిగ్రీ పూర్తిచేయడానికి విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువులో అదే ఆఖరి అవకాశం. అది పోతే ఆ సంవత్సరం టవర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేడు. వయసు లెక్కన అతనికి మిగిలినవే కొన్ని అవకాశాలు.

ఆ ఆదివారం

దూరవిద్య ప్రాక్టికల్స్ ఆదివారాలు జరుగుతాయి. ల్యాబ్ మూడో అంతస్తులో. బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చాడు. శ్రీశైలానికి సెలవు ఆఖరి నిమిషంలో దొరికింది. పొద్దున్నే విమానం దిగి నేరుగా వస్తున్నానని ముందురోజు ఫోన్ చేశాడు.

పరీక్ష మొదలైంది. శ్రీశైలం రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. విమానం ఆలస్యమైందేమో అనుకున్నాను. అరగంట దాటి వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వకూడదనేది నియమం. నేను బతిమాలితే పరీక్షకుడు ఇంకొంచెంసేపు ఆగాడు, ఆ మాత్రం మేలు చెప్పుకోవాలి. తర్వాత శ్రీశైలం పేరు ఎదురుగా గైర్హాజరు అని రాశాడు. మిగతావాళ్ళ ప్రయోగాలు చూసి, కాగితాలు సీలు చేయించి, కిందికి వెళ్ళాడు. ప్రిన్సిపాల్ ఆయన్ను భోజనానికి పిలిచారు. కింద ఏదో సభ జరుగుతోందని నాకు తెలుసు. యాజమాన్యం పెట్టుకున్న కార్యక్రమం, నాకు సంబంధం లేదు.

ల్యాబ్ తాళం వేస్తుండగా కిటికీలోంచి మైకు వినబడింది.

"...మన గడ్డ మీద పుట్టి, సరిహద్దులో మనందరినీ కంటికి రెప్పలా కాపాడుతున్న వీరజవాన్ శ్రీశైలం గారికి..."

తాళంచెవి తలుపుకే వదిలేశాను. మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. కింద పందిరిలో వేదిక మీద, యూనిఫాంలో, నిటారుగా కూర్చుని శ్రీశైలం. మెడలో దండ. ముఖ్య అతిథిగా వచ్చిన స్థానిక నాయకుడు అతని భుజాల మీద శాలువా కప్పుతున్నాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మొదటి వరుసలో పరీక్షకుడు కూర్చున్నాడు. గైర్హాజరు రాసిన చేతులతోనే ఆయనా చప్పట్లు కొడుతున్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. నా ఉద్యోగంలో తప్పులు చూశాను, మోసాలు చూశాను. ఇలాంటిది చూడలేదు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే నాకు మింగుడుపడలేదు.

జరిగింది తర్వాత తెలిసింది. సన్మానానికి పిలిచిన మాజీ సైనికుడు ఎవరో ఆఖరి క్షణంలో రాలేదు. వేదిక మీద ఒక కుర్చీ ఖాళీ. మా వ్యాయామ అధ్యాపకుడు గేటు దగ్గర కంగారు పడుతుండగా, ఆటో దిగి పచ్చసంచీతో లోపలికి వస్తున్నాడు శ్రీశైలం.

"నాకు పరీక్ష ఉన్నది సార్ అన్న," అని చెప్పాడు శ్రీశైలం. "పది నిమిషాలే తమ్ముడూ, మీ సార్‌కు మేం చెప్తం అన్నడు. సంచిల యూనిఫాం ఉన్నదా, ఏసుకో అన్నడు. ఏసుకున్న."

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ముఖ్య అతిథి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"మరి మధ్యలో లేచి రాకపోయావా?" అని అడిగాను. కేక వేశాననే చెప్పాలి.

అతను నావైపు విచిత్రంగా చూశాడు. "యూనిఫాంల ఉన్న సార్. యూనిఫాం ఏసుకుని స్టేజి మీదికెళ్లి మధ్యల లేచిపోతె నా పల్టన్ ఇజ్జత్ ఏమైతది? పొమ్మంటె పోవాలె, గంతే. ఫోన్ గూడ గందుకే బంద్ జేసిన."

పొమ్మనేవాళ్ళు పొమ్మనలేదు. కూర్చోమన్నారు కాబట్టి కూర్చున్నాడు. గౌరవించడమంటే వాళ్ళకు కూర్చోబెట్టడం. క్రమశిక్షణ అంటే అతనికి లేవకపోవడం. ఈ రెండింటి మధ్యా పరీక్ష పోయింది.

నిజానికి విలువ లేదు

నేను ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, మర్యాదస్తుడు. "ఇతను పరీక్ష సమయంలో కాలేజీలోనే ఉన్నాడు, మేమే వేదిక మీద కూర్చోబెట్టాం అని ఒక్క వాక్యం రాసివ్వండి" అన్నాను.

"అలా రాస్తే కాలేజీకి చెడ్డపేరు వస్తుందండీ. పరీక్ష జరుగుతుంటే సభ ఎలా పెట్టారని అడుగుతారు" అన్నారు.

"అడగాల్సిందేగా?"

"మీరు ప్రతిదీ వాదనగానే చూస్తారు. మేం అతన్ని సత్కరించాం కదండీ."

పరీక్షకుణ్ణి అడిగాను. "నేను ల్యాబ్‌లో ఉన్నంతసేపు అతను ల్యాబ్‌లో లేడు. అంతే కదా నిజం?" అన్నాడు. తర్కం తెలిసినవాడు. నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. నిజాన్ని ముక్కలు చేసి, అందులో పనికొచ్చే ముక్క ఒక్కటి పట్టుకుని నిలబడే వాదనలు నాకు కొత్త కాదు. కానీ చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా చల్లారకముందే అలా మాట్లాడగలగడం కొత్త.

ముఖ్య అతిథికి ఫోన్ చేశాను. ఎవరో తీసి, సార్ మీటింగులో ఉన్నారన్నారు. అంతసేపు మైకులో "జవాన్ కోసం ప్రాణమైనా ఇస్తాం" అన్నవాడు. నేను అడగబోయింది ఒక్క సంతకం.

మర్నాడు రాజేంద్రనగర్ దాటి విశ్వవిద్యాలయం ప్రాంతీయ కార్యాలయానికి శ్రీశైలాన్ని తీసుకుని వెళ్ళాను. అక్కడి అధికారి చెడ్డవాడు కాదు. అంతా విని, జాలిపడి, గొంతు తగ్గించాడు.

"సార్, సైనికులకు ఒక వెసులుబాటు ఉంది. పరీక్ష రోజు డ్యూటీలో ఉన్నట్టు యూనిట్ నుంచి సర్టిఫికెట్ వస్తే మళ్ళీ ప్రాక్టికల్ పెడతాం. తెప్పించుకోమనండి. ఎవరు చూస్తారు?"

"ఆరోజు ఇతను సెలవులో ఉన్నాడు. వేదిక మీద ఉన్నాడు. ఫోటోలు కూడా ఉన్నాయి" అన్నాను.

"అవి చూపిస్తే కష్టం సార్. అవి తీసుకురాకండి."

నిజం చెబితే గైర్హాజరు. అబద్ధం చెబితే దేశసేవ. ఆ గదిలో నిలబడి నేను శ్రీశైలం వైపు చూశాను.

అతను అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు. బయటికి వచ్చాక అతని సుబేదారుకు ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు. సుబేదారు హిందీలో కేకలు వేశాడు: అరే, ఇంత చిన్న విషయానికి ఏడుస్తావా, రేపే పంపిస్తాను. శ్రీశైలం వద్దన్నాడు. ఫోన్ పెట్టేశాక నాతో అన్నాడు:

"ఆ దినం డ్యూటీల ఉన్నోళ్ళు అక్కడ మంచుల ఉన్నరు సార్. నేను ఈడ మెత్తటి కుర్సీల కూసున్న. వాళ్ళ డ్యూటీ నా పేర రాసుకుంట నేనెట్ల పాసయిత?"

 

శాలువా వాపసు

శ్రీశైలం సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. మరుసటి వారం అనిత ఒక్కతే వచ్చింది. నన్ను పలకరించకుండా నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. సంచీలోంచి శాలువా తీసి బల్లమీద పెట్టింది.

"ఇగో సార్, మీ శాలువ."

ప్రిన్సిపాల్ కంగారుగా లేచారు. "అమ్మా, అది గౌరవం. వాపసు ఇవ్వకూడదు."

"గౌరవం మీ దగ్గర్నే ఉంచుకోన్రి. పరీక్ష ఇయ్యిన్రి."

"మేమేం తప్పు చేశామమ్మా? ఆయన్ని దేవుడిలా చూశాం."

"గదే సార్, దేవున్నే జేసిన్రు. దేవునికి పరీక్షలుంటయా? మా ఆయనకుండె."

 ప్రిన్సిపాల్ కూర్చున్నారు. ఆమె ఇంకొక్క మాట అంది, కోపంగా కాదు, అలిసిపోయినట్టు: "ఇన్నేండ్లు చదివి పంపిన సార్ పాఠాలు. విమానం మోతలకు గొంతు పోయేది. ఆయన పాసయితడనే చదివిన. మీరు చప్పట్లు కొడ్తరని కాదు."

నేను ఏళ్ళ తరబడి సభల్లో చెప్పడానికి ప్రయత్నించినదాన్ని ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. మన దేశంలో మనిషికి హక్కు ఇవ్వడం ఇష్టం లేనప్పుడు అతన్ని పీఠమెక్కిస్తారు. ఆడదాన్ని అలాగే చేశారు, రైతును అలాగే చేశారు. ఇప్పుడు సైనికుణ్ణి. పీఠమెక్కినవాడు దరఖాస్తు పెట్టడు, ప్రశ్న అడగడు, వెయిటింగ్ హాల్లో నిలబడడు. దండ వేసి పంపిస్తే సరిపోతుంది. సైనికుడికి చదువుకునే హక్కు ఉందని నమ్మేవాడు అతన్ని పొగడడు. అతని పరీక్ష తేదీ చూస్తాడు.

ప్రిన్సిపాల్ ఆ రోజు ఏమీ రాసివ్వలేదు. రాసివ్వలేదని ఇక్కడ రాస్తున్నాను. ఒక్కటి మాత్రం జరిగింది. శాలువా ఆమె తీసుకోలేదు, ఆయన తీసుకోలేదు. చాలారోజులు ఆ బల్లమీదే మడతపెట్టి ఉంది. దాని మీద ఫైలు పెట్టడానికి కూడా ఎవరికీ మనసొప్పలేదు. ఆ తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు.

గడువు దాటినవాళ్ళు మళ్ళీ పేరు నమోదు చేసుకుని మిగిలిన పరీక్ష ఒక్కటి రాసుకునే వీలు నియమాల్లో ఉంది. అధికారి ఆరోజు చెప్పలేదు. అబద్ధమే సులువని అది గుర్తురాలేదేమో. దాన్ని వెతికి పట్టుకుని, శ్రీశైలం పేరు మళ్ళీ నమోదు చేయించాను. కానీ ప్రాక్టికల్ మళ్ళీ ఏడాదికే. ఆ ఏడు టవర్ ఉద్యోగానికి పిలుపు వచ్చి పోయింది. అనిత చెప్పింది, వయసు లెక్కన ఇంకొక్కటే మిగిలిందని.

వెనుక గేటు

మరుసటి సంవత్సరం నాకు ఉద్యోగంలో ఆఖరిది. ప్రాక్టికల్ ఆదివారం పొద్దున్నే ఎయిర్‌పోర్టు నుంచి శ్రీశైలం ఫోన్ చేశాడు.

"దిగిన సార్. సన్మానం గిట్ల ఏమన్న పెట్టిన్రా? ఉంటె చెప్పున్రి, మళ్ళ విమానం ఎక్కుత."

"అక్కడే ఉండు. నేనే వస్తున్నాను" అన్నాను.

గౌస్ భాయ్ ఆరోజు డ్యూటీలో లేడు. తన పాత మోటారుసైకిల్ తెచ్చాడు. నేను స్కూటర్ మీద ముందు, వెనక గౌస్ భాయ్ మోటారుసైకిల్ మీద శ్రీశైలం. కాలేజీ ముందు గేటు కనబడగానే బ్రేకు వేశాను. ఎవరికో స్వాగతం చెప్పడానికి దండలు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. అందులో మా వ్యాయామ అధ్యాపకుడు ఉన్నాడు.

"యా అల్లా, మళ్ళీ పట్టుకుంటరు!" అన్నాడు గౌస్ భాయ్. "తమ్మీ, తల దించు. ఆ సంచి నాకియ్యి, నువ్వు ఫౌజీవని ఎవ్వరికీ తెల్వద్దు."

క్యాంటీన్ పక్కనుంచి వెనుక గేటు ఉంది. కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు వచ్చే దారి. దేశం కోసం పనిచేసే మనిషిని, అతని సొంత పరీక్షకు, దొంగను తీసుకుపోయినట్టు ఆ దారిన తీసుకుపోయాం. నేను హేతువాదిని. శకునాలు నమ్మను. కానీ ఆ రోజు పూలదండ కనబడితే భయపడ్డాను.

కొత్త పరీక్షకురాలు. మాట తక్కువ, చూపు గట్టి. మీటర్ బ్రిడ్జితో ఒక తీగ నిరోధం కనుక్కోమని ఇచ్చింది. రేడియో మీటలు తిప్పే వేళ్ళు కదా, గాల్వనోమీటరు ముల్లును సున్నా దగ్గర ఆపడం అతనికి ఆటలా ఉంది. తర్వాత నోటి ప్రశ్నలు వేసింది. ఒక సూత్రం అడిగేసరికి అతను జవాబు చెప్పకుండా ఒక్క క్షణం ఆగాడు. పోయిందనుకున్నాను.

"ఏమైంది?" అందామె.

"ఏం లేదు మేడం. ఈ సూత్రం కాడ మా ఇంటి మీదికి విమానం వస్తది. అలవాటై ఆగిన," అని గబగబా చెప్పేశాడు. ఆమెకు అర్థం కాలేదు, కానీ జవాబు సరైనదే. మార్కులు వేసింది.

ఆ పరీక్ష పాసయ్యాడు. డిగ్రీ చేతికొచ్చింది. టవర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అది వస్తుందో రాదో నేను చెప్పలేను, ఇంకా ఫలితాలు రాలేదు. రావాలని కోరుకోవడం తప్ప ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు.

పరీక్ష అయ్యాక మాత్రం ముందు గేటు నుంచే బయటికి వచ్చాం. ఇక భయం లేదు. అనిత బయట నిలబడి ఉంది, కొత్త అడ్మిషన్ల కోసం గేటు పక్కన ఆ పొద్దున కట్టిన పెద్ద ఫ్లెక్సీ వైపు చూస్తూ. నేను కూడా అప్పుడే చూశాను. శాలువా కప్పుకుని, మెడలో దండతో, నిటారుగా కూర్చున్న శ్రీశైలం బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: మా కేంద్రం గర్వకారణం, వీరజవాన్ శ్రీశైలం, బీఎస్సీ.

పోయిన సంవత్సరం ఫోటో. పోయిన సంవత్సరం గైర్హాజరైన పరీక్ష. మధ్యలో ఎవరో కూర్చుని ఆ మూడక్షరాల డిగ్రీని పేరు పక్కన తగిలించారు.  గౌస్ భాయ్ నోరు తెరిచి చూస్తున్నాడు.

శ్రీశైలం సంచీ కింద పెట్టి, ఫ్లెక్సీకి ఎదురుగా నిలబడి, దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"గీ ఫ్లెక్సీల ఉన్నాయన పరీక్ష రాయకుంటనే పాసయిండు సార్," అన్నాడు. "మనం ఉట్టిగనే వెనుక గేటు నుంచి వచ్చినం."